టోక్యో పరుగునకు ముందు 35 దినములు

మారథాను పరుగును గూర్చి రేడియోలో చెప్పుట కష్టము. ఫుట్‌బాలు ఆటను చెప్పవచ్చును. క్రికెట్టు ఆటను ఓవరుకొక మారు ఊపిరి తీసికొనుచు చెప్పవచ్చును. కాని రెండు గంటలకు పైగా ఒక మనుష్యుడు అడుగు వెంట అడుగు వేయుచు పోవుచుండగా వ్యాఖ్యాత యేమి చెప్పగలడు? అందుచేత మా వృత్తిలోనివారము ఆ పరుగును విడిచి దాని చుట్టునున్న కథను పట్టుకొందుము. అందులో ఒక జబ్బో, ఒక గాయమో, కడపటి క్షణమున వచ్చిపడిన ఆపదయో ఉన్నచో మాకు మరింత సంతోషము. 'అద్భుతము' అను మాట మా నాలుక చివరనే సిద్ధముగ ఉండును.

అట్టి కథలలో మిక్కిలి ప్రచారము పొందినది ఇథియోపియా దేశస్థుడగు అబేబె బికిలా కథ. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలకు కొద్ది వారముల ముందు అతనికి కడుపులో శస్త్రచికిత్స జరిగెను. అయినను అతడు మారథాను గెలిచెను. గెలుచుటయే కాదు, అంతవరకు ఏ మనుష్యుడును పరుగెత్తనంత వేగముగ పరుగెత్తెను. ఇది నిజమే. కాని నిజమైన కథ కూడ పదిమంది నోళ్ళలో పడినకొలది నునుపు దేరును. దానిలోని గరుకుతనము పోవును. మేమీ ప్రసంగమున ఆ దినములను తేదీల వరుసను పేర్చి, అందు అద్భుతమెంత, అంతకుముందే గడించి పెట్టుకొన్న కష్టార్జితమెంత అని చూడదలచితిమి.

అబేబె బికిలా 1932 ఆగస్టు 7న షోవా మండలములోని జాతో అను పల్లెలో జన్మించెను. సరిగా ఆనాడే లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో మారథాను పరుగు జరిగినదని అతని చరిత్రకారులు ముచ్చటపడి చెప్పుదురు. మేమును చెప్పితిమి, అంతకుమించి దానికి అర్థము లేదు. అతడు పెరిగి చక్రవర్తి హైలీ సెలాసీ అంగరక్షక దళమున సైనికుడయ్యెను. ఆ సైనికులకు వ్యాయామము నేర్పుచుండినవాడు ఒన్ని నిస్కానెన్. ఫిన్లండులో పుట్టి స్వీడనులో పెరిగిన ఈ శిక్షకుడు రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఇథియోపియా చేరి, అక్కడనే జీవితములో పెద్దభాగము గడపెను. బయలు నేలపై దూరపు పరుగులును, క్రీడాస్థలములోని వలయముపై తక్కువ దూరమును మరల మరల వేగముగ పరుగెత్తుటయు అతని పద్ధతి. ఈ పరుగులు జరిగిన అడ్డిస్ అబాబా సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల ఎత్తున నున్నది. మన ఉదకమండలముకంటె ఎత్తు. అక్కడి గాలిలో ఊపిరికి అందు ప్రాణవాయువు తక్కువ. ఆ కొరతతోనే దినదినము పరుగెత్తిన దేహము పల్లపు ప్రదేశమునకు దిగివచ్చినప్పుడు ఎంత తేలికపడునో ఊహింపవచ్చును.

లోకము అతనిని మొదట చూచినది రోములో. 1960 సెప్టెంబరు 10 సాయంకాలము మొదలైన ఆ పరుగు చీకటి పడిన పిదప ముగిసెను. ప్రాచీనమైన అప్పియా మార్గము వెంబడి సైనికులు కాగడాలు పట్టుకొని నిలువబడిరి. బికిలా పాదములకు జోళ్ళు లేవు. మొరాకో దేశస్థుడగు రాది బెన్ అబ్దెస్సెలామ్ చాలదూరము అతని ప్రక్కనే పరుగెత్తెను. ఇటలీ సైన్యము ఇథియోపియాను ఆక్రమించినపుడు ఆక్సుం పట్టణమునుండి తరలించుకొనిపోయిన ప్రాచీన శిలాస్తంభము ఆనాడు రోములో ఆ దారినే ఉండెను. (అది 2005లో స్వదేశము చేరినది.) అది దాటిన చోట బికిలా వేగము పెంచి, కాన్‌స్టంటైన్ విజయతోరణము కడ 2 గంటల 15 నిమిషముల 16.2 సెకండ్లకు పరుగు ముగించెను. ఇథియోపియా దేశస్థులలో ఒలింపిక్ స్వర్ణపతకము పొందిన మొదటివాడతడే. ఈ భాగము శ్రోతలు అనేకమారులు వినియుందురు గనుక ఇంతటితో చాలింతుము.

రోమునకును టోక్యోకును నడుమ నాలుగేండ్లు గడచెను. 1960 డిసెంబరులో అంగరక్షక దళమే చక్రవర్తిపై తిరుగుబాటు చేసి విఫలమయ్యెను. బికిలా ఆ దళమువాడే అయినను కుట్రలో పాలుగొనలేదు గనుక బయటపడెను. 1961లో ఏథెన్సు, ఒసాకా, కోషిత్సె నగరములలో మూడు మారథానులు గెలిచెను. 1963లో అమెరికాలోని బోస్టనులో అయిదవవాడుగా వచ్చెను. విదేశములలో అతడు కడవరకు పరుగెత్తిన మారథానులలో ఓటమి అదొక్కటియే. టోక్యో నాటికి అతనికి 32 యేండ్లు. ఒలింపిక్ మారథానును రెండు మారులు గెలిచినవాడు అంతవరకు లేడు.

ఇక తేదీలకు వత్తము. 1964 ఆగస్టు 3న అడ్డిస్ అబాబాలో ఒలింపిక్ జట్టును ఎన్నుకొనుటకై మారథాను జరిగెను. బికిలా 2 గంటల 16 నిమిషముల 18.8 సెకండ్లలో మొదటివాడుగా వచ్చెను. అతని వెనుక ఒక సెకండైన గడవకముందే మామో వోల్దె చేరెను. ఈ మామో పేరు శ్రోతలు గుర్తుంచుకొనవలెను. కథ చెప్పువారు తరచుగా ఈ ఆగస్టు పరుగును వదలివేయుదురు. మాకు మాత్రము ఇదే ఆయువుపట్టుగ తోచుచున్నది. సముద్రమట్టమున ప్రపంచములో అంతవరకు నమోదైన శ్రేష్ఠకాలము, ఆ సంవత్సరము జూను నెలలో ఇంగ్లండు దేశస్థుడు బాసిల్ హీట్లీ సాధించిన 2 గంటల 13 నిమిషముల 55 సెకండ్లు. గాలి పలుచనైన 2,400 మీటర్ల ఎత్తున 2 గంటల 16 నిమిషములలో పరుగెత్తినవాడు పల్లపు నేలపై ఎంతలో పరుగెత్తగలడు? హీట్లీ కాలముకంటె తక్కువలోనని ఆగస్టులోనే లెక్కకట్టి చెప్పవచ్చును. అనగా టోక్యోలో లోకము చూచిన వేగము ఆగస్టు మొదటి వారమునాటికే అతని దేహమున సిద్ధముగ నున్నది.

సెప్టెంబరులో డెబ్రె జెయిత్ అను చోట సాధన చేయుచుండగా అతనికి కడుపులో నొప్పి ప్రారంభమయ్యెను. ఓర్చుకొని పరుగు సాగింపబోయి కూలబడెను. రాజధానికి కొనిపోగా వైద్యులు తీవ్రమైన అపెండిసైటిస్ అని నిర్ణయించి, సెప్టెంబరు 16న శస్త్రచికిత్స చేసిరి. మారథాను అక్టోబరు 21న. 'నలుబది దినములు' అని చెప్పుట పరిపాటి అయినది. నొప్పి మొదలైననాటి నుండి లెక్కించిరి కాబోలు. శస్త్రచికిత్స నుండి లెక్కించినచో సరిగా 35 దినములే. కొద్ది దినములలో అతడు లేచి నడిచెను. వారము లోపుననే ఆసుపత్రి విడిచెను. ఆసుపత్రి ఆవరణములోనే రాత్రివేళ మెల్లగా పరుగెత్త మొదలిడెనని కూడ చెప్పుదురు.

ఆనాటి శస్త్రచికిత్స యనగా ఉదరమును కోసి, కండరముల పొరలను విడదీసి, లోపలి పని ముగించి మరల కుట్టుట. నేటివలె సన్నని రంధ్రముల గుండ గొట్టములు పంపి చేయునది కాదు. పరుగెత్తువానికి ఉదర కండరములు కాళ్ళతో సమానముగ పనిచేయును. ప్రతి అడుగునను మొండెమును నిలబెట్టునవి అవియే. కనుక మొదటి రెండు వారములు అతని స్థితి తేలికైనదని మేము చెప్పము. నిస్కానెన్ శిష్యుని టోక్యోకు కొనిపోవునప్పుడు స్వర్ణపతకము సంగతి అటుండగా, పరుగు పూర్తి కాగలదా అను సందేహము ఎవరికైనను కలుగదగినదే.

అక్టోబరు 21 బుధవారము మధ్యాహ్నము జాతీయ క్రీడామందిరము నుండి పరుగువాండ్రు బయలుదేరిరి. దారి కోషూ రాజమార్గము వెంబడి పడమటికి, చోఫు పట్టణము వరకును పోయి తిరిగి వచ్చుట. ఈ మారు బికిలా తెల్లని జోళ్ళు తొడుగుకొనెను. మొదట ముందంజ వేసినవాడు ఆస్ట్రేలియా దేశస్థుడు రాన్ క్లార్క్. 10,000 మీటర్ల పరుగులో ఆనాడు ప్రపంచ రికార్డు అతనిదే. అతడు మొదటి 10 కిలోమీటర్లను 30 నిమిషములకు కొంచెము పైగా పూర్తిచేసెను. అది తెలివైన పని కాదు. కడకు తొమ్మిదవవాడుగా వచ్చెను. బికిలా తొందరపడలేదు. క్లార్క్ అలసి జారిన పిమ్మట ఐర్లండు దేశస్థుడు జిమ్ హోగన్ ఒక్కడే అతని వెంట మిగిలెను. తిరుగు మలుపు కడకు బికిలా ముందుండెను. అటుపిమ్మట అతనికి సాటిగా ఎవడును రాలేదు. రెండవ స్థానమును చాలదూరము నిలుపుకొన్న హోగన్ 35 కిలోమీటర్లు దాటిన తరువాత పరుగు విరమించెను. మామో వోల్దె కూడ ఆనాడు పరుగు పూర్తిచేయలేదు.

కోన్ ఇచికావా తీసిన 'టోక్యో ఒలింపియాడ్' చిత్రము 1965లో వెలువడినది. ఆ చిత్రమున బికిలా ముఖము చాలసేపు దగ్గరగా కనిపించును. మేమా భాగమును ఒకటికి రెండు మారులు చూచితిమి. ఇతర పరుగువాండ్రు నీళ్ళబల్లల కడ నిలిచి గ్రుక్కలు మ్రింగుచుందురు, ఒకరు కూలబడుదురు. బికిలా కన్నులు ముందున్న దారి నుండి కదలవు. ఆ ముఖమున నొప్పి యెక్కడనో వెదకి చూచితిమి, మాకు కనబడలేదు.

2 గంటల 12 నిమిషముల 11.2 సెకండ్లకు అతడు గమ్యము చేరెను. హీట్లీ రికార్డుకంటె 1 నిమిషము 44 సెకండ్లు తక్కువ. రోములోని తన కాలముకంటె 3 నిమిషముల 5 సెకండ్లు తక్కువ. రెండవవాడు వచ్చునప్పటికి 4 నిమిషములకు పైగా గడచెను. ఆ వ్యవధిలో బికిలా గడ్డిపై పండుకొని కాళ్ళు పైకెత్తి, వంగి, లేచి వ్యాయామము చేయుచుండగా ప్రేక్షకులు నిర్ఘాంతపోయిరి. మరి 10 కిలోమీటర్లు పరుగెత్తగలనని అతడు చెప్పినట్లు ప్రతీతి.

ఇదెట్లు సాధ్యమయ్యెను? సాధన మానినప్పుడు పరుగువాని దేహమున ఏది ముందు పోవును, ఏది నిలుచును అను విషయము ఆ కాలమునకంటె నేడు మనకు మెరుగుగ తెలియును. 1984లో ఎడ్వర్డ్ కాయిల్ ప్రభృతులు ప్రచురించిన ఒక పరిశోధన ఇందు ప్రసిద్ధమైనది. దీర్ఘకాలము తీవ్రముగ సాధన చేసినవారు ఒక్కసారిగ పూర్తిగా మానివేయగా, ప్రాణవాయువును వినియోగించుకొను శక్తి మొదటి మూడు వారములలో 7 శాతము తగ్గెను. ముందుగా తగ్గునది రక్తములోని ద్రవభాగము. దానితో గుండె ఒక్కొక్క కొట్టునకు పంపు రక్తమును తగ్గును. కాని కండరములలో సంవత్సరముల తరబడి సాధనచే అల్లుకొన్న కేశనాళికలు దాదాపు మూడు నెలలు మానినను తగ్గలేదు. త్వరగా పోవునది త్వరగానే తిరిగి వచ్చును. మెల్లగా వచ్చినది మెల్లగా పోవును. మన రైతు చెరువునకును బావికిని గల భేదము చెప్పినట్లే ఉన్నది: పై నీరు ఎండలకు ఇంకును, ఊట ఇంకదు.

బికిలా పూర్తిగా మానినది మూడు వారములు కూడ కాదు. పైగా ఆ విరామము ఎక్కడ పడినదో చూడవలెను. గొప్ప పరుగునకు ముందు కడపటి రెండు మూడు వారములు సాధనను తగ్గించుట నేడు శిక్షకులందరు అంగీకరించిన పద్ధతి. బికిలాకు బలవంతపు విశ్రాంతి అంతకు కొంచెము ముందుగ వచ్చెను. పోయిన కొద్దిపాటిని కూడదీసికొనుటకు దినములు మిగిలెను. ఆ నొప్పియే క్రీడలు ప్రారంభమైన అక్టోబరు 10న వచ్చియున్నచో, ఎంతటి ధైర్యమును అతనిని కోషూ మార్గముపై నిలుపజాలదు. కావున అతని అదృష్టము జబ్బు నయమగుటలో కంటె అది వచ్చిన తేదీలో ఎక్కువ ఉన్నదని మా అభిప్రాయము. మరియొక సంగతి కలదు. ఆ జబ్బు కడుపునకు వచ్చినది, కాలికి రాలేదు. అపెండిక్సును తీసివేసిన తరువాత ఆ బాధ మరల రాదు. పుండు మానుటయే తరువాయి.

ఇది ఒక్క బికిలా విషయమున మేము కట్టిన వాదమని అనుకొందురేమో. మరియొక ఉదాహరణమును చూడుడు. అమెరికా దేశస్థురాలగు జోన్ బెనాయిట్ 1983లో బోస్టనులో 2 గంటల 22 నిమిషముల 43 సెకండ్లలో పరుగెత్తి స్త్రీల మారథానులో ప్రపంచ శ్రేష్ఠకాలమును నెలకొల్పెను. 1984 మార్చిలో దూరపు పరుగు నడుమ ఆమె మోకాలు పట్టివేసెను. ఏప్రిలు 25న శస్త్రచికిత్స జరిగెను. ఒలింపిక్ జట్టు ఎన్నిక పరుగు మే 12న. నడుమ 17 దినములు. మంచముపై నున్నప్పుడు కూడ చేతులతో త్రొక్కు యంత్రముతో ఆమె గుండెకు పని కల్పించెను. తొందరపడి సాధన పెంచగా తొడ వెనుకటి కండరము కూడ బాధించెను. అయినను ఎన్నిక పరుగును గెలిచెను. ఇంతవరకు అందరు చెప్పుదురు. ఆ గెలుపు కాలము 2 గంటల 31 నిమిషముల 4 సెకండ్లని ఎవరును నొక్కి చెప్పరు. తన శ్రేష్ఠకాలముకంటె 8 నిమిషములకు పైగా ఎక్కువ! ఇతరులకంటె ఆమె అంత ఎత్తున ఉన్నందున, అంత దిగినను మొదటిదిగానే వచ్చెను. ఆగస్టు 5న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన స్త్రీల మొట్టమొదటి ఒలింపిక్ మారథానులో ఆమె 2 గంటల 24 నిమిషముల 52 సెకండ్లలో స్వర్ణపతకము గెలిచెను. అప్పటికి శస్త్రచికిత్స జరిగి 102 దినములు. 17 దినములకు కొంత, 102 దినములకు ఇంచుమించు అంతయు తిరిగి వచ్చినది. ఇందు లెక్క ఉన్నది.

లెక్కను గూర్చి మేమింత పట్టుదలగా చెప్పుటకు కారణమున్నది. టోక్యోలో రెండవవాడుగా క్రీడామందిరమున ప్రవేశించినవాడు హీట్లీ కాదు. జపాను ఆత్మరక్షణ దళమునకు చెందిన కోకిచి త్సుబురాయా. అతని ముందున్నది ఆ వలయముపై కొన్ని వందల మీటర్లు మాత్రమే. స్వదేశస్థులు వేలకొలది చూచుచుండగా హీట్లీ వెనుకనుండి వచ్చి అతనిని దాటెను. 3.6 సెకండ్ల తేడాతో త్సుబురాయాకు కాంస్యపతకము దక్కెను. ఆ క్రీడలలో పరుగు, దుముకు, విసురు పోటీలన్నిటిలోను జపానుకు వచ్చిన పతకము అదొక్కటియే. ఎవరైనను గర్వింపదగినది. కాని అతడు దానిని ఒక అప్పువలె మోసెను. 1968 మెక్సికో క్రీడలలో తీర్చవలెనని సాధనకు పూనుకొనగా నడుము సహకరింపలేదు. ఆసుపత్రిపాలయ్యెను. మునుపటివలె పరుగెత్తలేకపోయెను. 1968 జనవరి 9న, 27 యేండ్ల వయస్సున, తన జీవితమును తానే ముగించుకొనెను. ఒకే వలయముపై నిమిషముల తేడాతో పరుగు ముగించిన ఇద్దరిలో ఒకని మనోబలము గొప్పదనియు, రెండవవానిది కొరవడినదనియు చెప్పువారి మాటలు వినినపుడు మాకు కష్టము కలుగును. అపెండిక్సును తీసి పారవేయవచ్చును. నడుమును తీసి పారవేయుటకు వీలు లేదు.

ఆ భేదము తుదకు బికిలాకును అనుభవమునకు వచ్చెను. 1965లోను 1966లోను అతడు ఇంకను మారథానులు గెలుచుచునే యుండెను. 1967లో స్పెయినులోని సరావుత్స్ పట్టణమున కాలి గాయముచే పరుగు నడుమ విడిచెను. అప్పటినుండి ఆ కాలు పూర్తిగ కుదుటపడలేదు. మెక్సికో నగరము ఇంచుమించు మన ఉదకమండలమంత ఎత్తున ఉన్నది. పల్లపు దేశములవారు అచ్చట ఊపిరాడక బాధపడుదురని అందరును ముందే ఎరుగుదురు. అనగా మూడవ స్వర్ణమునకు బికిలాకు అంతకంటె అనుకూలమైన చోటు దొరకదు. మనస్సు టోక్యోనాటిదే, శిక్షకుడును, కీర్తియు అవియే. 1968 అక్టోబరు 20న అతడు బయలుదేరి సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తి దారి ప్రక్కకు తప్పుకొనెను. నాలుగేండ్ల క్రిందట టోక్యోలో పరుగు పూర్తిచేయలేకపోయిన మామో వోల్దె ఆనాడు 36 యేండ్ల వయస్సున 2 గంటల 20 నిమిషముల 26.4 సెకండ్లకు మొదటివాడుగా వచ్చి, స్వర్ణపతకమును మూడవమారు ఇథియోపియాకే తెచ్చెను.

1969 మార్చి 22న మోటారుకారు ప్రమాదమున బికిలా వెన్నుపూస దెబ్బతిని కాళ్ళు చచ్చుబడెను. చికిత్సకై అతనిని ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి కొనిపోయిరి. మరుసటి సంవత్సరము అక్కడనే జరిగిన చక్రపు కుర్చీల క్రీడలలో అతడు విల్లు పట్టి బాణములు వేసెను. 1972లో మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలకు అతిథిగా వెళ్ళి, కుర్చీలో కూర్చుండి మారథాను చూచెను. 1973 అక్టోబరు 25న, 41 యేండ్ల వయస్సున, అడ్డిస్ అబాబాలో మరణించెను.